సగటు బూడిదరంగు

1960 దాకా కొడాక్ ట్రై-ఎక్స్ ఫిల్ము స్పీడు 200. ఆ తర్వాత అదే ఫిల్ము 400 అయింది. అందులోని వెండి లవణాలు మారలేదు. కడిగే మందులూ మారలేదు. మారిందల్లా ఒక కాగితం. అమెరికన్ స్టాండర్డ్స్ అసోసియేషన్‌వాళ్ళు బ్లాక్ అండ్ వైట్ నెగటివ్ ఫిల్ముల స్పీడు లెక్కగట్టే ప్రమాణాన్ని ఆ ఏడాది సవరించారు. ఆ సంస్థ పేరులోని పొడి అక్షరాలే మనం పాత కెమెరాల మీద చూసే ఏఎస్ఏ. ఆ సవరణతో ట్రై-ఎక్స్ లాంటి ఫిల్ములన్నిటి నంబర్లూ ఇంచుమించు రెట్టింపయ్యాయి.

నేను చదివింది ఇంజనీరింగు, పొట్టకూటికి రాసేది కోడు. డబ్బా మీద 400 అని ఉంటే అదేదో నీళ్ళు మరిగే ఉష్ణోగ్రత లాంటిదనీ, ప్రకృతిలోంచి కొలిచి తెచ్చిందనీ అనుకోవడం మాలాంటివాళ్ళకి అలవాటు. కానీ ఫిల్ము స్పీడు చరిత్ర చదువుతున్నకొద్దీ అది పదో తరగతి పాస్ మార్కు లాంటిదని అర్థమవుతుంది. ముప్ఫై అయిదు అనే అంకెలో దైవరహస్యమేమీ లేదు. ఎంత వస్తే చాలో కొందరు కూర్చుని అనుకున్నారు, అంతే. ఫిల్ము విషయంలో "చాలు" అన్నదెవరు? ఎవరిని చూసి అన్నారు? వాళ్ళ చాలు మనకీ చాలేనా? ఈ మధ్య మళ్ళీ ఫిల్ము కెమెరాలు భుజాన వేసుకుని తిరుగుతున్న నా వయసువాళ్ళకి ఈ ప్రశ్నలు పనికొస్తాయనిపించి ఇది రాస్తున్నాను.

*

కథ లివర్‌పూల్ దగ్గర్లోని విడ్నెస్ అనే ఊళ్ళో మొదలవుతుంది. అది సోడా, బ్లీచింగ్ పౌడరు తయారుచేసే రసాయన ఫ్యాక్టరీల ఊరు. ఫెర్డినాండ్ హర్టర్ స్విట్జర్లాండ్ నుంచి వచ్చిన కెమిస్టు, వీరో చార్లెస్ డ్రిఫీల్డ్ ఇంజనీరు. ఇద్దరిదీ ఒకే ఫ్యాక్టరీ. ఫొటోగ్రఫీ పిచ్చి డ్రిఫీల్డ్‌ది. హర్టర్‌కి దాన్ని అంటించింది కూడా ఆయనే. కానీ హర్టర్‌కి ఒక చిరాకు ఉండేది. ప్లేటుకి ఎంతసేపు వెలుగు చూపించాలి అని ఎవరినడిగినా అనుభవం, అంచనా, చేతివాటం అనే జవాబే. వంటలో ఉప్పు "తగినంత" అన్నట్టు! ఒక కెమిస్టుకి ఇది మింగుడుపడే జవాబు కాదు.

అందుకని ఇద్దరూ ఖాళీ వేళల్లో ఏళ్ళ తరబడి కొలిచారు. ప్రామాణికమైన కొవ్వొత్తి వెలుగు ముందు ప్లేటుని రకరకాల మోతాదుల్లో ఉంచి, కడిగి, ఎంత నల్లబడిందో చూశారు. 1890లో ఆ ఫలితాల్ని ఒక రసాయన పరిశ్రమల పత్రికలో ప్రచురించారు. అందులో ఉన్న గీత ఈ రోజుకీ ప్రతి ఫిల్ము డేటా షీటులోనూ ఉంటుంది. అడ్డంగా వెలుగు మోతాదు, నిలువుగా నలుపు. గీత మొదట నేల మీద పాకుతుంది, తర్వాత నిటారుగా ఎక్కుతుంది, పైకి పోయాక మళ్ళీ వాలిపోతుంది. పాకే చోట నీడలు వివరం లేకుండా కలిసిపోతాయి. వాలిపోయే చోట వెలుగులు కలిసిపోతాయి. మధ్యలో ఎక్కుడు ఉన్నంత మేరా లోకం ఉన్నది ఉన్నట్టు, తేడాలు తేడాలుగా నమోదవుతుంది. ఆ ఎక్కుడుని కిందికి పొడిగిస్తే ఎక్కడ నేలని తాకుతుందో, దాన్నిబట్టి ప్లేటు ఎంత చురుకైనదో చెప్పవచ్చన్నారు. ఫిల్ము స్పీడుకి శాస్త్రీయమైన నంబరు అలా పుట్టింది.

ఈ గీత ఒక కళాకారుడి విశ్వాసాన్ని దెబ్బతీసిందని ఈ పత్రిక పాఠకులకి ప్రత్యేకంగా చెప్పాలి. పీటర్ హెన్రీ ఎమర్సన్ ఆ రోజుల్లో ఇంగ్లండులో ఫొటోగ్రఫీ కళేనని గొంతు చించుకున్న మనిషి. నార్ఫోక్ నీటిపల్లాల్లో రెల్లు కోసేవాళ్ళనీ, పడవలవాళ్ళనీ అద్భుతంగా ఫొటోలు తీశాడు. 1889లో 'నేచురలిస్టిక్ ఫొటోగ్రఫీ' అని పుస్తకం కూడా రాశాడు. కడిగేటప్పుడు వెలుగునీడల మధ్య సంబంధాన్ని తన కంటికి నచ్చినట్టు మలుచుకోగలనని, అదే ఫొటోగ్రాఫరు చేతిలో ఉన్న కళ అని ఆయన నమ్మకం. హర్టర్, డ్రిఫీల్డ్‌ల లెక్కలు ఆ స్వేచ్ఛ అంతగా లేదన్నాయి. ఎక్స్‌పోజర్ ఇచ్చిన క్షణంలోనే చాలావరకు సంబంధాలు తేలిపోతాయన్నాయి. ఎమర్సన్ మరుసటి ఏడే నల్ల అంచుతో 'ద డెత్ ఆఫ్ నేచురలిస్టిక్ ఫొటోగ్రఫీ' అనే చిన్న పుస్తకం వేసి, ఫొటోగ్రఫీ కళ అన్న తన మాటని వెనక్కి తీసుకున్నాడు. చావుకబురు పంపినట్టుగా! ఒక గ్రాఫు చూసి ఒక మనిషి తన సిద్ధాంతానికి దినం పెట్టిన సందర్భం కళల చరిత్రలో ఇంకోటి నాకు తెలియదు.

ఎమర్సన్ తొందరపడ్డాడా అన్నది తర్వాత చూద్దాం. ముందు ఆ నంబరుకి ఏమైందో చెప్పాలి.

*

తర్వాతి యాభై ఏళ్ళు గందరగోళం. జర్మన్ ఖగోళ శాస్త్రవేత్త యూలియస్ షైనర్ తన పద్ధతి తాను పెట్టాడు. నక్షత్రాల్ని ప్లేట్ల మీద పట్టుకునేవాడికి స్పీడు కావాలి మరి. 1934లో జర్మన్లు డిన్ పద్ధతి తెచ్చారు. అది లాగరిథమ్ లెక్క. మూడు డిగ్రీలు పెరిగితే స్పీడు రెట్టింపు. అమెరికాలో వెస్టన్ అనే విద్యుత్ మీటర్ల కంపెనీ 1932లో లైటు మీటరు అమ్మడం మొదలుపెట్టి, ఫిల్ము కంపెనీల మాట నమ్మకుండా సొంతంగా పరీక్షించి తన నంబర్లు తానే ఇచ్చుకుంది. రష్యన్లకి గోస్ట్ అని వేరే లెక్క. వాళ్ళ పాత కెమెరాల మీద 65, 130, 250 అని వింత అంకెలు కనిపించేది అందుకే. కొన్ని కంపెనీలు అమ్మకాల కోసం నంబర్లు పెంచి వేసేవి కూడా.

ఇందులో నాకు అన్నిటికన్నా ఆసక్తిగా అనిపించేది రోచెస్టర్‌లో కొడాక్ పరిశోధనశాలలో లాయిడ్ జోన్స్ అనే భౌతికశాస్త్రవేత్త చేసిన పని. హర్టర్, డ్రిఫీల్డ్ గీతని చూశారు. జోన్స్ మనుషుల్ని చూశాడు. ఒకే దృశ్యాన్ని తక్కువ నుంచి ఎక్కువకి వరసగా ఎన్నో ఎక్స్‌పోజర్లలో తీసి, ఒక్కో నెగటివ్ నుంచి సాధ్యమైనంత మంచి ప్రింటు వేసి, కొంతమంది ముందు పెట్టి ఏది బాగుందో చెప్పమన్నాడు. ఎక్స్‌పోజర్ పెరిగేకొద్దీ ప్రింటు గబగబా మెరుగుపడి, ఒక దశ దాటాక ఇక పెద్దగా తేడా ఉండదు. చూసినవాళ్ళు "చాలా బాగుంది" అని మొట్టమొదట ఏ ప్రింటుని అన్నారో, దానికి పట్టిన వెలుగుని జోన్స్ ఆధారంగా తీసుకున్నాడు. తర్వాత ఆ బిందువు గీత మీద ఎక్కడ పడుతుందో వెతికి సూత్రం కట్టాడు. యుద్ధం నడుస్తున్న 1943లో అమెరికా ప్రమాణం దాని మీదే నిలబడింది.

అంటే ఏఎస్ఏ నంబరు అడుగున, లాగరిథమ్‌లన్నీ తీసేస్తే, ఒక గదిలో ప్రింట్లు చూస్తూ తలూపిన కొందరు మనుషులున్నారు. ఇది తప్పని నేననడం లేదు. నిజానికి ఇంతకన్నా నిజాయితీ గల పద్ధతి ఏముంటుంది? ఫొటో ఉన్నది చూడ్డానికే కదా. కాకపోతే ఆ గదిని మర్చిపోయి నంబరునే సత్యమనుకోవడం దగ్గర వస్తుంది చిక్కు.

ఇక 1960 సంగతి. 1943 ప్రమాణంలో ఒక భద్రతా గుణకం ఉండేది. కనీసం కావలసిన వెలుగుకి రెండింతలకు పైగా ఇచ్చేలా నంబరుని కావాలనే తగ్గించి చెప్పేవారు. జనం దగ్గర మంచి మీటర్లు లేవు, షట్టర్లు నమ్మకమైనవి కావు. నెగటివ్‌కి వెలుగు కాస్త ఎక్కువైనా ప్రింటులో సర్దుకోవచ్చు. తక్కువైతే మాత్రం నీడల్లో అసలు నమోదు కానిదాన్ని ఎవరూ తేలేరు. పరీక్షకి వెళ్ళే పిల్లాడికి పది నిమిషాలు ముందుకి తిప్పిన గడియారం ఇచ్చినట్టన్నమాట. పదిహేనేళ్ళలో మీటర్లు మెరుగుపడ్డాయి. కెమెరాలు చిన్నవై 35 ఎంఎం ఫిల్ము వాడకం పెరిగింది. చిన్న నెగటివ్‌కి వెలుగు ఎక్కువైతే ప్రింటులో గింజలు పెరుగుతాయి, అంచుల వాడి పోతుంది. దాంతో ముందుకి తిప్పిన గడియారాన్ని సరిచేశారు. నంబర్లు రెట్టింపయ్యాయి. 1974లో ఏఎస్ఏ, డిన్ రెండూ కలిసి ఐఎస్ఓ అయ్యాయి. 100/21 డిగ్రీలు, 400/27 డిగ్రీలు అని డబ్బాల మీద రెండు అంకెలుండటం ఆ రాజీ ఫలితమే.

ఈ రోజుకీ నెగటివ్ ఫిల్ము వాడేవాళ్ళలో చాలామంది 400 ఫిల్ము వేసి కెమెరాలో 200 పెడతారు. కారణం అడిగితే "నీడలు బాగా వస్తాయి" అంటారు. 1960లో తీసేసిన భద్రతని వాళ్ళు తమకి తెలియకుండానే మళ్ళీ పెట్టుకుంటున్నారు.

*

ఫిల్ము స్పీడు సగం కథే. ఆ నంబరు తీసుకుని ఎదుటి దృశ్యానికి ఎంత వెలుగివ్వాలో తేల్చేది మీటరు. మీటరుకి వస్తువు కనపడదు, దాని మీంచి తిరిగొచ్చే వెలుగే కనపడుతుంది. ఎదురుగా తక్కువ వెలుగులో ఉన్న తెల్లగోడ ఉందో, ఎక్కువ వెలుగులో ఉన్న నల్లగోడ ఉందో దానికి తేడా తెలియదు. అందుకని దాన్ని తయారుచేసినవాళ్ళు ఒక ఊహ కట్టిపెట్టారు: లోకంలో ఏ దృశ్యాన్నైనా మొత్తం కలిపి సగటు తీస్తే మధ్యరకం బూడిదరంగు వస్తుంది. ఆ ఊహ ఒక స్థిరాంకం రూపంలో ప్రతి మీటరులోనూ ఉంటుంది. అది కూడా అందరికీ ఒకటి కాదు. కెనాన్, నైకాన్‌లు 12.5 వాడితే, మినోల్టా, పెంటాక్స్‌లు 14 వాడాయి. తేడా చిన్నదే, కానీ చూడండి, సగటుకి కూడా కంపెనీని బట్టి రెండు విలువలు!

చాలా దృశ్యాలకి ఈ ఊహ సరిపోతుంది. సరిపోనివి మన చుట్టూనే ఉన్నాయి. చినగంజాం ఉప్పు మడులు ఫొటో తీస్తే ఉప్పు బూడిదగా వస్తుంది. ఇంత తెలుపు ఉండదని మీటరు నమ్మి, వెలుగు తగ్గించేస్తుంది కాబట్టి. చెరువులో బర్రెని దగ్గరగా తీస్తే అదీ బూడిదగానే వస్తుంది. ఇంత నలుపు ఉండదని వెలుగు పెంచుతుంది కాబట్టి. ఉప్పు తెల్లగా రావాలంటే మీటరు చెప్పినదానికి ఒక స్టాపో, ఒకటిన్నరో ఎక్కువివ్వాలి. బర్రె నల్లగా రావాలంటే ఒక స్టాపు తగ్గించాలి. తెల్లదానికి ప్లస్, నల్లదానికి మైనస్. వినగానే తలకిందులుగా అనిపించే ఈ నియమమే ఎక్స్‌పోజర్ కాంపెన్సేషన్. మన పేపర్లలో కాంపెన్సేషన్ అంటే భూమి పోయినవాళ్ళకో, ప్రమాదంలో మనిషి పోయినవాళ్ళకో ఇచ్చే పరిహారం. ఇక్కడా అర్థం మరీ దూరమేం కాదు. సగటు వల్ల ఎవరికి నష్టం జరిగిందో వాళ్ళకి ఇచ్చేదే ఇది.

ఈ డయల్ ఎప్పుడొచ్చిందన్నది ఆలోచించదగ్గ విషయం. చేత్తో అన్నీ పెట్టుకునే కెమెరాలో దాని అవసరమే లేదు. మీటరు ఒకటి చెబుతుంది, మీరు అపర్చర్ రింగు ఒక గడి అటో ఇటో తిప్పుతారు, అయిపోయింది. వెస్టన్ మీటర్ల డయల్ మీద మామూలు బాణానికి చెరో పక్కన ఏ, సీ అని రెండు గుర్తులుండేవి. ఒకటి సగం వెలుగుకి, ఒకటి రెట్టింపుకి. మీటరు తన సలహా పక్కనే మీ అభిప్రాయానికీ చోటు పెట్టిందన్నమాట. ఆటోమేటిక్ కెమెరా వచ్చాక ఈ మర్యాద పోయింది. 1938లో కొడాక్ సూపర్ సిక్స్-20తో మొదలై, 1970లకి ఎలక్ట్రానిక్ షట్టర్లతో అది మామూలైపోయింది. ఆటోలో మీరు అపర్చర్ రింగు ఒక గడి తెరిస్తే, కెమెరా షట్టరు ఒక గడి వేగం పెంచి మళ్ళీ తన సగటు దగ్గరికే వచ్చేస్తుంది. ఎంత తిప్పినా ఒప్పుకోదు. దానితో విభేదించడానికి విడిగా ఒక మీట పెట్టాల్సి వచ్చింది. మా సాఫ్ట్‌వేర్ భాషలో ఓవర్‌రైడ్.

నా దగ్గరున్న నైకాన్ ఎఫ్‌ఈలో ఆ డయల్ ఎడమచేతి వైపు, రీలు వెనక్కి చుట్టే పిడి చుట్టూ ఉంటుంది. ప్లస్ రెండు నుంచి మైనస్ రెండు దాకా. ఫిల్ము స్పీడు పెట్టే చోటూ అదే. రెండూ ఒకచోటే ఉండటం జాగా ఆదా కోసం మాత్రమే అనుకోకండి. కెమెరా లోపల రెండూ ఒకే లెక్క. 400 ఫిల్ముకి ప్లస్ ఒకటి పెట్టినా, స్పీడు 200 అని చెప్పినా సర్క్యూట్‌కి వెళ్ళే కబురు ఒక్కటే. కాంపెన్సేషన్ డయల్ లేని కెమెరాల్లో అందరూ చేసే కిటుకు ఇదే. 400 వేసి, ఎదురుగా ఉప్పు మడి ఉంటే 200 పెట్టి, తీశాక మళ్ళీ 400కి తిప్పేయడం. ఫిల్ము స్పీడు మొత్తం రీలు గురించి చెప్పే మాట, కాంపెన్సేషన్ ఈ ఒక్క దృశ్యం గురించి చెప్పే మాట. తేడా కాలవ్యవధిలోనే.

*

బర్రె, ఉప్పు సరే. మనుషుల సంగతి?

ఏదైనా బడి గ్రూపు ఫొటో గుర్తు తెచ్చుకోండి. సున్నం వేసిన గోడ, తెల్ల చొక్కాల పిల్లలు, పైన ఎండ. మీటరు తెలుపంతా చూసి వెలుగు తగ్గించేస్తుంది. చొక్కాలు చక్కగా వస్తాయి, మొహాలు పోతాయి. చామనఛాయ పిల్లలవి కాస్త, నల్లటి పిల్లలవి పూర్తిగా. అదే నల్లటి పిల్లని ఒక్కదాన్నే దగ్గరగా, మొహం ఫ్రేము నిండేలా తీస్తే ఆటోమేటిక్ కెమెరా ఆమెని ఉన్నదానికన్నా తెల్లగా చేస్తుంది. గుంపులో మాయం చేస్తుంది, విడిగా రంగు మారుస్తుంది. యంత్రానికి దురుద్దేశం లేదు, దానికి సగటు తప్ప మనిషి తెలియదు. కానీ మన ఇళ్ళలో "నేను ఫొటోల్లో బాగా పడను" అని వెనక వరసలోకి జరిగే అక్కలూ అత్తలూ ఉన్నారే, వాళ్ళలో కొందరైనా ఈ లెక్క వల్ల వెనక్కి జరిగినవాళ్ళే. తప్పు ఒంటిరంగుది అనుకున్నారు, ఒక స్టాపుది అని వాళ్ళకెవరూ చెప్పలేదు.

రంగుల ఫిల్ములో ఈ కథ ఇంకా ముదిరింది. ల్యాబుల్లో ప్రింటరు యంత్రాలు సరిచూసుకోడానికి కొడాక్ పంపే కార్డు మీద ఒక తెల్లజాతి అమ్మాయి ఉండేది. మొదటి మోడల్ పేరు మీద వాటిని షర్లీ కార్డులనేవారు. ఆమె ఒళ్ళు బాగా వస్తే యంత్రం సరిగా ఉన్నట్టు. కెనడా పరిశోధకురాలు లోర్నా రోత్ దీని మీద 2009లో ఒక వ్యాసం ప్రచురించారు. ముదురు గోధుమరంగులు సరిగా రావడం లేదని కంపెనీ మీద ఒత్తిడి తెచ్చినవాళ్ళు చాక్లెట్ల కంపెనీలు, చెక్క ఫర్నిచర్ కంపెనీలు అని అందులో ఉంది. చాక్లెట్ రంగు మనుషులున్నారన్న సంగతి చాక్లెట్ తర్వాత గుర్తొచ్చింది. జోన్స్ గదిలో తలూపినవాళ్ళ సంగతి నేను పైన చెప్పింది ఇందుకే. "బాగుంది" అనేది కొలతలోకి వచ్చినప్పుడు, ఎవరికి బాగుంది, ఎవరు బాగున్నారు అనేవి కూడా దానితోపాటే లోపలికి వస్తాయి.

దీనికి జవాబు కూడా అదే గీతలో ఉంది. 1939-40 ప్రాంతంలో లాస్ ఏంజెలెస్‌లో పాఠాలు చెబుతూ ఆన్సెల్ ఆడమ్స్, ఫ్రెడ్ ఆర్చర్ కలిసి జోన్ సిస్టమ్ అని ఒక పద్ధతి తయారుచేశారు. కటిక నలుపు నుంచి తెల్ల కాగితం దాకా సున్నా నుంచి పది మెట్లు, మెట్టుకి ఒక స్టాపు. మీటరు దేన్ని చూపినా అయిదో మెట్టు మీద పెడుతుంది. మీరు దాన్ని ఏ మెట్టు మీద చూడాలనుకుంటున్నారో ముందే నిర్ణయించుకుని అన్ని స్టాపులు జరపండి. అంతే సూత్రం. ఆడమ్స్ 'ద నెగటివ్' పుస్తకంలోని పట్టికలో ఎండలో ఉన్న తెల్లవాళ్ళ చర్మం ఆరో మెట్టు, ముదురు రంగు చర్మం అయిదు. అంటే మీటరుని తెల్లవాడి మొహం మీద పెట్టినవాడు ఒక స్టాపు ఎక్కువివ్వాలి. ముదురు మొహం మీద పెడితే మీటరు మాట అలాగే వినొచ్చు! బడి ఫొటోలో పిల్లలు మాయం కావడానికి కారణం వాళ్ళ రంగు కాదని, ఫొటోగ్రాఫరు మీటరుతో చొక్కాల్నీ గోడనీ కలిపి చూశాడనీ ఇంతకన్నా స్పష్టంగా ఎవరూ చెప్పలేరు.

ఎమర్సన్ తొందరపడ్డాడని నేననుకునేది ఇక్కడే. గీత స్థిరమే, నిజం. కానీ దాని మీద ఎవరిని ఎక్కడ నిలబెట్టాలన్నది స్థిరం కాదు. ఎమర్సన్‌కి సంకెలగా కనిపించినదే యాభై ఏళ్ళ తర్వాత ఆడమ్స్‌కి స్వరస్థానాల మెట్లలా పనికొచ్చింది. (ఆడమ్స్ పియానో నేర్చినవాడు, ఆ పోలిక ఆయనకి నచ్చేదే.) సినిమావాళ్ళకి ఇది ముందునుంచీ తెలుసు. పట్టపగలు తీసి రాత్రని నమ్మించే పద్ధతి సగం కావాలని వెలుగు తగ్గించడం మీదే నడుస్తుంది. మార్కస్ బార్ట్లీ 'మాయాబజార్'లో కురిపించిన వెన్నెలని ప్రేమించిన మనం, మీటరు చెప్పిందే సత్యమని ఎలా వాదిస్తాం?

*

1983లో కొడాక్ డీఎక్స్ కోడ్ తెచ్చింది. 35 ఎంఎం రీలు డబ్బా మీద వెండి, నలుపు గళ్ళు ఉంటాయి చూడండి, అదే. మొత్తం పన్నెండు గళ్ళు: రెండు కామన్ కాంటాక్ట్‌లు, అయిదు స్పీడుకి, మూడు ఎన్ని ఫొటోలన్నదానికి, రెండు ఫిల్ముకి ఎంత ఓర్పు ఉందన్నదానికి. ఇంజనీరుగా నాకు ముచ్చటేసే డిజైన్. కానీ దాంతో మామూలు కెమెరాల మీంచి ఏఎస్ఏ డయల్ మాయమైంది. చవకరకాల్లో కాంపెన్సేషన్ మీట ఎలాగూ లేదు. కోడ్ లేని డబ్బా వేస్తే చాలా కెమెరాలు తమంతట తాము 100 అనుకుంటాయి. జనం ఊరుకుంటారా? డబ్బా మీది నలుపుని కత్తితో గీకి, వెండి మీద టేపు అంటించి నంబరు మార్చేవారు. మీట తీసేస్తే మనిషి కత్తి పట్టుకున్నాడు. కాంపెన్సేషన్ చరిత్రలో నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఘట్టం ఇది.

డిజిటల్ వచ్చాక ఐఎస్ఓ అంటే వెలుగు లెక్కే కానీ, ఫిల్ము లేదు. 2006లో సవరించిన డిజిటల్ ప్రమాణంలో ఒక వెసులుబాటు ఉంది. కెమెరా తయారుచేసినవాడు తనకి ఏది తగిన ఎక్స్‌పోజర్ అనిపిస్తే దాన్నిబట్టి నంబరు సిఫారసు చేయవచ్చు. విడ్నెస్‌లో కొవ్వొత్తి ముందు కొలతతో మొదలైనది నూటపదహారేళ్ళకి సిఫారసు అని ఒప్పుకుంది. నాకిది పతనంగా అనిపించదు. మొదటినుంచీ ఉన్నదాన్నే ఇప్పుడు పైకి చెప్పారు.

మీ ఫోనులో మొహాన్ని తాకితే పక్కన చిన్న సూర్యుడి బొమ్మ వస్తుంది, వేలితో పైకీ కిందికీ జరపవచ్చు. వెస్టన్ మీటరు మీది ఏ, సీ గుర్తులకి అది మునిమనవడు. ఈసారి గ్రూపు ఫొటో తీసేటప్పుడు వెనక వరసలో ఎవరు చీకటిలో కలిసిపోతున్నారో చూసి, ఆ సూర్యుణ్ణి కాస్త పైకి జరపండి. చొక్కాలు కొంచెం తెల్లబడి పోతే పోతాయి.